ఖాళీ తూటా లెక్క

నా ఒళ్లు ఇత్తడి. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు. పొడవు ఆరున్నర సెంటీమీటర్లు. అడుగున ఒక అంచు, దాని మీద నన్ను తయారుచేసిన కంపెనీ పేరు, పక్కన .405 అన్న అంకె. సూళ్లూరుపేటలో ఒక ఇంటి కిటికీ గూట్లో ఉంటాను. పులికాట్ అవతల శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు ఈ కిటికీ అద్దాలు గడగడలాడతాయి. నేనూ సన్నగా అదురుతాను.

నాది అమెరికా పుట్టుక. విన్‌చెస్టర్ కంపెనీ తన 1895 మోడల్ లీవర్ రైఫిల్ కోసం 1904లో మా రకం తూటాను తెచ్చింది. 300 గ్రెయిన్ల గుండు, సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగం. 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన థియొడోర్ రూజ్‌వెల్ట్ సింహాల మీదికి ఈ రైఫిలే పట్టుకెళ్లాడు. మన దేశంలో మా పేరు నిలబెట్టినవాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో బొల్లారంలో పుట్టి, బెంగళూరులో స్థిరపడి, మామండూరు, చామల లోయ ప్రాంతాల మనుషుల్ని తినే పులుల వేట గురించి రాసిన ఆ మనిషి చేతిలో ఉన్నది .405 విన్‌చెస్టరే.

నేను ఆయన తూటాను కాను. ఓడలో మద్రాసు చేరి, మౌంట్ రోడ్డులో ఒక తుపాకుల దుకాణం అల్మారాలో కూర్చుని, అక్కణ్ణించి ఒక ఎస్టేటు యజమాని తోలు పటకాలోకి వెళ్లాను. సెలవు దొరికితే రైలెక్కి రేణిగుంట దాటి మామండూరులో దిగే వేటగాడాయన.

ట్రిగ్గర్ నొక్కగానే లోపల ఏం జరుగుతుందో తొడుగు కంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అడుగునున్న క్యాప్‌కి పిన్ను తగులుతుంది. చిన్న నిప్పు. మందు అంటుకుంటుంది. రెప్పపాటులో వందో వంతు కూడా పట్టదు, నా గోడలు ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుపోతాయి. అలా అతుక్కోబట్టే గ్యాసు వెనక్కి, మనిషి ముఖం మీదికి రాకుండా ఉంటుంది. గుండు వెళ్లిపోయాక మళ్లీ కాస్త ముడుచుకుంటాను. లీవర్ కిందికి లాగితే బయటికెగిరి గడ్డిలో పడతాను. ఆయన మొదట చూసేది జంతువు పడిందా లేదా అని. ఆ తర్వాత వంగి గడ్డిలో వెతికేది నన్నే.

ఎందుకు వెతుకుతాడంటే నాలాంటిది కొత్తది దొరకదు కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధం నాటికే ఆ రైఫిల్ తయారీ ఆగిపోయింది. తర్వాత కొన్నేళ్లకు కంపెనీ తూటాలూ ఆగిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1950ల చివర్లో విదేశీ మారకద్రవ్యానికి కటకట వచ్చి దిగుమతులు బిగిశాయి. 1959లో ఆయుధాల చట్టం వచ్చింది. ఇంగ్లండ్‌లో పెద్ద బోరు (గొట్టం లోపలి వెడల్పు) తూటాలకు పెట్టింది పేరైన కైనాక్ కూడా ఆ తర్వాతి దశాబ్దంలో ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటూ వచ్చింది. వేలు పోసి కొన్న పెద్ద రైఫిళ్లు తిండి లేని ఏనుగుల్లా ఇళ్లలో నిలబడిపోయాయి. వాటికి మిగిలిన దారి ఒక్కటే: పేలిన తొడుగునే మళ్లీ నింపుకోవడం. అదే రీలోడింగ్.

అలా నేను దుకాణం వెనక గదికి, మేస్త్రి దగ్గరికి చేరాను. ఆయనది సూళ్లూరుపేట పక్క పల్లె. దుకాణానికి లైసెన్సు ఉంది, ఆయనకు చెయ్యి ఉంది. బల్ల మీద ఒక ప్రెస్సు, రెండు డైలు, చిన్న త్రాసు. నా అడుగు నుంచి కాలిన క్యాప్‌ని పొడిచి తీసేవాడు. ఉబ్బిన ఒంటిని డైలోకి తోసి పాత కొలతకు తెచ్చేవాడు. సాగిన మూతిని కత్తిరించేవాడు. కొత్త క్యాప్ నొక్కి, మందు తూచి పోసి, గుండు కూర్చేవాడు. మూతి చాలాసార్లు సాగి ముడుచుకుంటే ఇత్తడి గట్టిపడి చీలుతుంది. అందుకని అప్పుడప్పుడూ మూతి వరకే మంట చూపించి మెత్తబరిచేవాడు.

ఆదివారం కొడుకు వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

"అబ్బయా, గుండు పోద్ది, మందు కాలిపోద్ది, క్యాప్ చచ్చిపోద్ది. తిరిగొచ్చేది ఈ ఇత్తడి ఒక్కటే. తూటాలో ఖరీదైన ముక్క కూడా ఇదే."

"అయితే సగానికి సగం మిగిలినట్టేగా నాయనా?"

"ఆ త్రాసు, ప్రెస్సు, డైలు ఎవురిస్తారు? వాటి డబ్బులు రావాలంటే ఎన్ని తూటాలు నింపాలో లెక్కెయ్."

కొడుకు లెక్క వేసేవాడు. ఒక పౌను అంటే 7,000 గ్రెయిన్లు. పిట్టల్ని కొట్టే .22 గుండు 40 గ్రెయిన్లు, కాబట్టి పౌను లోహంతో 175 గుండ్లు. మా .405 గుండు 300 గ్రెయిన్లు, పౌనుకు 23. ఏనుగుల మీదికి వాడే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ గుండు 500 గ్రెయిన్లు, పౌనుకు 14. .600 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ది 900, పౌనుకు ఏడు. మందూ అంతే. నా కడుపులో యాభై పైచిలుకు గ్రెయిన్లు పడుతుంది, పౌను డబ్బా నూట నలభై తూటాలకు కూడా రాదు. బోరు పెరిగేకొద్దీ ప్రతి ముక్కా బరువెక్కుతుంది, ఆ కొలత డై దొరకడం కష్టమవుతుంది, ధర పైకి పోతుంది. పైగా పెద్ద రైఫిల్ ఉన్నవాడు ఏడాదికి పేల్చేదెన్ని? గురి సరిచూసుకోవడానికి కొన్ని, అడవిలో ఇంకొన్ని. పనిముట్ల ఖర్చు తక్కువ తూటాల మీద పంచుకోవాలి కాబట్టి ఒక్కోదాని మీద ఎక్కువ పడుతుంది. తరచుగా పేల్చే రైఫిల్‌కు రీలోడింగ్ మిగులు చూపిస్తుంది. పెద్ద బోరుకు అది మిగులు కోసం కంటే ముందు గత్యంతరం లేక.

ఇంకో ఖర్చు ఉంది. దాన్ని రూపాయల్లో వేయలేం. అది చూపు.

ఇత్తడికి మనసు లేదంటారు కానీ దెబ్బలన్నీ గుర్తుపెట్టుకుంటుంది. పాతకాలం క్యాపుల్లో పాదరసం ఉండేది. అది ఇత్తడిలోకి దిగి పెళుసు చేస్తుంది. తెల్లవాళ్ల జమానాలో ఇక్కడి సైన్యానికి ఒక వింత ఎదురైంది. వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు ఎవరూ ముట్టకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా, తేమ కలిసి, సాగదీసిన ఇత్తడిని లోలోపల చీల్చేవని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చారు. చూడ్డానికి బంగారంలా మెరిసే తొడుగు లోపల పగులు పెట్టుకుని ఉండొచ్చు. అందుకే మేస్త్రి మెరుపును నమ్మలేదు.

ఒక సన్నని ఉక్కు తీగ, కొస కొంచెం వంచి, మొన పదును చేసి ఉంచుకునేవాడు. దాన్ని నా మూతిలోంచి లోపలికి దింపి, అడుగు దాకా పోనిచ్చి, గోడకు ఆనించి మెల్లగా పైకి లాగేవాడు. కళ్లు మూసుకునేవాడు. అడుగు అంచుకు కాస్త పైన గోడ సాగి పల్చబడితే అక్కడ చుట్టూ ఒక గాడి ఏర్పడుతుంది. బయటికి కనబడదు. తీగ కొస ఆ గాడిలో 'టక్'మని ఆగుతుంది. అలా ఆగిన తొడుగును మళ్లీ పేలిస్తే రెండు ముక్కలవుతుంది. అడుగు ముక్క బయటికొస్తుంది, మిగతాది గొట్టంలోనే ఉండిపోతుంది. ఎదురుగా గాయపడిన జంతువు ఉన్నప్పుడు రెండో తూటా లోపలికి పోదు.

ఒకరోజు నాలో తీగ ఆగింది.

మేస్త్రి మళ్లీ దింపాడు. మళ్లీ అక్కడే ఆగింది. యజమాని ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈ ఒక్కసారికి కానీయమన్నాడు. కొత్త తొడుగులు రావని, ఎండాకాలం వేట దగ్గరపడిందని చెప్పాడు. మేస్త్రి మాట్లాడలేదు. పట్టకారు తీసుకుని నా మూతిని నొక్కేశాడు, ఇంకెవరూ నన్ను నింపకుండా. అప్పుడు మాత్రం చేతులు జోడించి, "అయ్యా, తమరి పక్కన అడివిలో నేనుండను. ఇది చెప్పాల్సింది ఇక్కడే" అన్నాడు. నేను నా తుక్కు ధరకు మేస్త్రి జేబులోకి చేరాను.

మేస్త్రి లెక్కలో నాకెప్పుడూ ఒక వెలితి కనబడేది. క్యాపుకి పద్దు ఉంది, మందుకి ఉంది, గుండుకి ఉంది. గడ్డిలో పడిన జంతువుకి లేదు. నేను తిరిగొచ్చాను, మళ్లీ నిండాను. నా ఎదుట పడిన కణుజు తిరిగి లేవలేదు. మా తూటాలు ఖరీదై, అరుదై, చేత్తో నింపాల్సినవి కావడం ఆ కొండలకు కొంత మేలే చేసి ఉంటుంది. దొరకనిదాన్ని ఎవరూ వృథాగా పేల్చరు. అయినా ధర చట్టం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్ వచ్చి ఆ పద్దు తెరిచాయి. మామండూరు అడవి ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిసరం. నేను వేటలో పనిచేసినదాన్నే అయినా ఆ చట్టం రావలసిందేనని నమ్ముతాను.

ఆ కాలంలోనే మేస్త్రి కొడుక్కి శ్రీహరికోటలో ఉద్యోగం వచ్చింది. 1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్‌తో ఆ దీవిలో ప్రయోగాలు మొదలయ్యాయి. అప్పటిదాకా అది యానాదుల అడవి, సరుగుడు తోటల ఇసుక. అబ్బాయి పని ఘన ఇంధనం వైపు. తండ్రి గ్రెయిన్లలో తూచాడు, కొడుకు టన్నుల్లో. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొత్తం బరువు 17 టన్నులు. 1979 ఆగస్టులో తొలి ప్రయత్నం విఫలమైంది, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. ఇప్పటి పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ ఒక్కదానిలోనే సుమారు 138 టన్నుల ఘన ఇంధనం. ఎల్‌వీఎం-3 పక్కనుండే ఎస్-200 బూస్టర్లు ఒక్కొక్కటి 3.2 మీటర్ల వ్యాసం, సుమారు 200 టన్నుల ఇంధనం. నా కడుపులో పోసే మందు, వాటి కడుపులో పోతపోసే ఇంధనం వేరువేరు పదార్థాలు. పని మాత్రం ఒకటే: గోడలు తట్టుకోవాలి, గ్యాసు ఒక్క దారినే పోవాలి.

ముసలితనంలో మేస్త్రి ఈ ఇంటికొచ్చి ఉన్నప్పుడు ఒక రాత్రి అడిగాడు.

"అంత పెద్ద ఉక్కు గొట్టం, పేలినాక యాడికి పోద్ది అబ్బయా?"

"సముద్రంలోకి నాయనా."

"తిరిగి తెచ్చుకోరా?"

"లేదు నాయనా. ప్రతిసారీ కొత్తది."

మేస్త్రి చాలాసేపు నన్ను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. "లోపల పగులుందో లేదో ఎట్టా చూస్తారు?" అని మాత్రం అడిగాడు. ఎక్స్‌రే తీస్తామని కొడుకు చెప్పాడు. ఇంధనం నింపిన సెగ్మెంట్లను నిలబెట్టి, శక్తిమంతమైన కిరణాలు పంపి, బుడగ ఉందా, గోడ నుంచి ఇంధనం విడిపోయిందా అని చూస్తారన్నాడు. మేస్త్రి ముఖం వికసించింది. తన ఉక్కు తీగ ఎంత పెద్దదైందో ఆయనకు అర్థమైంది.

తిరిగి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా స్పేస్ షటిల్ బూస్టర్లు పారాచూట్లతో అట్లాంటిక్‌లో దిగేవి. ఓడలు లాక్కొచ్చేవి. విప్పి, కడిగి, పరీక్షించి, యూటాలో మళ్లీ ఇంధనం నింపేవారు. ఘన ఇంధన రాకెట్లలో అంతకంటే పెద్ద బోరు రీలోడింగ్ జరగలేదు. మేస్త్రి చెప్పిన చిక్కే అక్కడా ఎదురైంది: పనిముట్లు, ఓడలు, మనుషులు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, ఎగిరేది ఏడాదికి కొన్నిసార్లే. 1981 నుంచి 2011 దాకా ముప్పై ఏళ్లలో షటిల్ ఎగిరింది 135 సార్లు.

డబ్బు కంటే పెద్ద పాఠం ఇంకొకటి. తిరిగొచ్చిన ఆ తొడుగుల్ని విప్పినప్పుడు, సెగ్మెంట్ల అతుకుల దగ్గర రబ్బరు వలయాలు వేడి గ్యాసుకు కోసుకుపోయిన గుర్తులు కొన్నిసార్లు కనిపించాయి. అంటే తీగ ఆగింది. ఇంజనీర్లు చెప్పారు. చలికి ఆ వలయాలు బిగుసుకుంటాయని 1986 జనవరి 28 ప్రయోగానికి ముందు రోజు రాత్రి కూడా హెచ్చరించారు. పట్టకారు తీసుకున్న చెయ్యి లేదు. చాలెంజర్ షటిల్‌లో ఏడుగురు చనిపోయారు. ఆ వార్త ఈ ఇంట్లో రేడియోలో విన్న రోజు కొడుకు అన్నం ముట్టలేదు.

ఇప్పుడు మళ్లీ వాడే రాకెట్ల కాలం. 2017 మార్చి 30న స్పేస్‌ఎక్స్ ఒకసారి ఎగిరొచ్చిన ఫాల్కన్-9 మొదటి దశను రెండోసారి ఎగరేసింది. దాన్ని తరచుగా ఎగరేయడం వల్లే ఆ లెక్క కుదిరింది. మన ఇస్రో 2016 మే 23న శ్రీహరికోట నుంచి రెక్కల వాహనం ఆర్‌ఎల్‌వీ-టీడీని సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. 2023, 2024లలో చిత్రదుర్గ దగ్గర ఆ కోవలోని వాహనాన్ని హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తానే రన్‌వే మీద దిగింది. 2024 సెప్టెంబరులో కేంద్ర క్యాబినెట్ 8,240 కోట్ల రూపాయలతో తర్వాతి తరం రాకెట్‌కు ఒప్పుకుంది. దాని మొదటి దశ తిరిగొచ్చి మళ్లీ ఎగరాలి.

మేస్త్రి ఇప్పుడు లేడు. కొడుకు రిటైరయ్యాడు. మనవరాలు అదే కేంద్రంలో పరీక్షల విభాగంలో చేరింది. ఆ పిల్లకు నేను చెప్పగలిగితే చెప్పేది ఇదే. మళ్లీ నింపడం తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఖర్చు తగ్గిందని చూపించే కాగితాలూ ఉంటాయి. ఏదో ఒక రోజు తిరిగొచ్చిన దశ ఒకటి మెరుస్తూ నీ ముందు నిలబడుతుంది, ప్రయోగం తేదీ దగ్గరపడి ఉంటుంది, ఈ ఒక్కసారికి కానీయమని పెద్దవాళ్లు అంటారు. ఆ రోజు దాన్ని పక్కన పెట్టడానికయ్యే నష్టాన్ని మొదటి నుంచీ ధరలో కలిపి ఉంచుకున్న సంస్థే రీలోడింగ్ చేసి బాగుపడుతుంది. ఆ పద్దు రాయకుండా మిగిల్చిందంతా అప్పు.