ఉత్తమ ఏజెంటు లక్షణ నిర్ణయం

గల్ఫ్ ఏజెంట్లలో ఉత్తముణ్ణి పోల్చుకునే విషయంలో కోనసీమకు ఏకాభిప్రాయం ఏనాడో కుదిరింది. 1983 నాటి వలసల చట్టం ఒక్కటే దానికి ఇంకా ఒప్పుకోవడం లేదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మొదలుకొని అమలాపురం, కొత్తపేట దాకా కువైట్‌కో మస్కట్‌కో దుబాయ్‌కో మనిషిని పంపని ఊరు అరుదు గనుక, అందులోనూ ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లే ఎక్కువ గనుక, ఈ శాస్త్రంలో ఇక్కడివారి పాండిత్యాన్ని శంకించడానికి వీల్లేదు. ఆ పాండిత్యం ప్రకారం ఉత్తమ ఏజెంటు మొట్టమొదట 'మనోడు' కావాలి, అంటే పిన్నత్తగారి ఊరివాడైనా అయి ఉండాలి; అతడు పంపినవారిలో ఒకరైనా డాబా వేసి ఉండాలి; ఏమడిగినా "నీకెందుకక్కా, అక్కడ మన మనిషి ఉన్నాడు" అనగలగాలి. ఆ మనిషి పేరేమిటని అడగడం మర్యాద కాదు.

చట్టం చెప్పే లక్షణాల్లో ఇంత రసం లేదు. విదేశీ యజమానికి మనుషుల్ని కుదిర్చేవాడు విదేశాంగ శాఖ కింద ఉండే ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి వద్ద నమోదై, బ్యాంకు గ్యారంటీ పెట్టి, వెళ్లేవారి నుంచి 30 వేల రూపాయల రుసుము, దానిపై జీఎస్టీ తప్ప పైసా ఎక్కువ పుచ్చుకోకూడదని అది అంటుంది. లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూడనిదే రేటు మాట్లాడని మనిషి, పాస్‌పోర్టును మాత్రం రసీదు లేకుండా అప్పగించడం ఈ శాస్త్రంలోని విశేషం. ఇక సబ్ ఏజెంటు, అనగా హైదరాబాదులోనో ముంబయిలోనో ఉన్న లైసెన్సుదారు పేరు చెప్పి ఊళ్లో పాస్‌పోర్టులు పోగుచేసేవాడు, ఈ చట్టం దృష్టిలో అసలు లేడు. అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, అడ్వాన్సు పట్టుకెళ్లేది ఆ లేనివాడే. మిథ్య అనే మాటను వివరించబోయే వేదాంతులకు ఇంతకన్నా దిట్టమైన ఉదాహరణ దొరకదు.

ఇతనికి పూర్వీకుడు లేకపోలేదు. బర్మా వలసల కాలంలో రంగూన్‌కు తెలుగు కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీ, ముందు అడ్వాన్సిచ్చి అక్కడి కూలిలోంచి మినహాయించుకునేవాడు. గోదావరి పాయ మీది కోరంగి రేవు పేరుతోనే తెలుగువారిని అక్కడ కోరంగీలన్నారు. మేస్త్రీ ఎంత పీడించినా చాలాసార్లు తన కూలీలతోపాటే సముద్రం దాటేవాడు. నేటి ఏజెంటు శంషాబాద్ దాకా కూడా రాడు, లొకేషన్ పంపుతాడు.

శాస్త్రకారులు మహోత్తముడని కొనియాడేది పైసా పుచ్చుకోని ఏజెంటును. ఖద్దామా, అంటే గల్ఫ్ ఇళ్లలో పనిమనిషి, ఆ కొలువుకు మనిషిని తెప్పించే యజమాని అక్కడి రిక్రూటింగ్ ఆఫీసుకు సొమ్ము కడతాడు. అందులో వాటా ఇక్కడిదాకా పారుతుంది గనుక టికెట్టు, మెడికల్ తానే పెట్టుకుని, పిల్లల స్కూలు ఫీజుకని పదో పరకో చేతిలో పెట్టగల ఔదార్యం ఏజెంటుకు అబ్బుతుంది. ఈ ఉచితం వెల ఎంతో తెలిసేది, జీతం ఇవ్వలేదనో నిద్ర లేదనో ఆ ఇల్లాలు తిరిగి వస్తానన్న రోజున. "ఆఫీసుకు కట్టింది కట్టి వెళ్లు" అంటుంది మేడమ్. యజమాని పూచీ మీదే వలసకూలి ఆ దేశంలో ఉండగలిగే కఫాలా పద్ధతిలో ఆ మాటకు బలం ఎక్కువ.

రక్షణ సూత్రాలు ఈ శాస్త్రానికి చేసిన మేలు కూడా తక్కువది కాదు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ తరగతికి చెందుతుంది, అనగా గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు కొలువుకు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పదు. ఆ పాస్‌పోర్టు గల ఆడవారికి 30 ఏళ్లు నిండాలన్నారు. 2016 ఆగస్టు నుంచి వారిని ఇంటిపనికి ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. ఒక్కో నిబంధన వచ్చినప్పుడల్లా ఏజెంటు రేటు ఒక మెట్టెక్కింది, ఎందుకంటే ఆ నిబంధనను దాటించే విద్య అతని వద్దే ఉంది. ఆ విద్య పేరు విజిట్ వీసా. "ఎయిర్‌పోర్టులో అడిగితే చెల్లెల్ని చూడ్డానికని చెప్పక్కా, రిటర్న్ టికెట్టు చూపించు, పని అన్న మాటెత్తకు" అన్న పాఠం వల్లించి విమానమెక్కిన మనిషి, కాగితాల్లో విహారయాత్రికురాలు. ఆమె చేతిలో ఒప్పందపత్రం ఉండదు. అనుమతితో వెళ్లేవారికి రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో వచ్చే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు.

నమోదు లేని ఏజెంట్లంటూ ప్రభుత్వం ఈ-మైగ్రేట్‌లో ప్రకటించిన పేర్లు 2024 నాటికే 3 వేలు దాటాయి. అందులో మనోడి పేరు కనబడకపోతే, అతని మీద ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదని మాత్రమే అర్థం. చేస్తే పిన్నత్తగారితో మాటలు పోతాయి.

ఓంక్యాప్ అని రాష్ట్ర ప్రభుత్వానికే ఒక విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది. లైసెన్సు ఉంది గాని, దానికి కోనసీమలో పిన్నత్తగారు లేరు. ఇంటికి రాదు, పిల్లల ఫీజుకు చేబదులివ్వదు, వయసు కాగితం అడుగుతుంది, అన్నిటికీ మించి చెల్లెల్ని చూడ్డానికని చెప్పమనదు. ఇన్ని లోపాలున్నదాన్ని ఉత్తముల పట్టికలో చేర్చడానికి శాస్త్రకారులు ఇప్పటికీ తటపటాయిస్తున్నారు.