గుండీల సిలబస్

"మా వాడు చాలా ఇండిపెండెంట్ అండీ" అన్న నోటితోనే, మరుక్షణం "నేను కలిపి పెడితే తప్ప ముద్ద దిగదు" అనగలగడం మన మధ్యతరగతికే చెల్లింది. రెండు మాటల్లోనూ గర్వం సమానం. పిల్లవాడు సొంత కాళ్ల మీద నిలబడాలి. ఆ కాళ్లకి సాక్సులు మాత్రం మనం తొడగాలి. పొద్దున్న ఏడున్నరకి ఏ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరైనా చూడండి. ఏడేళ్ల మహారాజు కళ్లు ఫోన్లో పెట్టి, నోరు ఇడ్లీ కోసం తెరిచి కూర్చుంటాడు. అమ్మ చట్నీలో ముంచి అందిస్తుంటుంది, నాన్న మోకాళ్ల మీద కూర్చుని లేసులు బిగిస్తుంటాడు, బ్యాగు తాతయ్య భుజాన వేలాడుతుంటుంది. బడి సంచీ బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. తాతయ్య బరువుతో లెక్క కడితే మనం దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నట్టే.

ఇంతలో వచ్చే పసుపు బస్సు మీద 'మాంటిస్సోరి' అని రాసి ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ పేరు బోర్డు లేని పేట మనకు తక్కువ. ఆ పేరుగల డాక్టరమ్మ 1907లో రోమ్ నగరంలో, శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి బడి పెట్టింది. అక్కడి పిల్లల చేత ఆవిడ చేయించిన పనులు వింటే మన పేరెంట్స్ మీటింగులో గొడవలు జరుగుతాయి: చేతులు కడుక్కోవడం, నీళ్లు ఒలక్కుండా వంపుకోవడం, నేల ఊడవడం. చెక్క చట్రాలకి గుడ్డ బిగించి, గుండీలూ కొక్కేలూ లేసులూ కుట్టి, పెట్టడం తీయడం నేర్పింది. ఒకరోజు చప్పుడు లేకుండా ముక్కు చీదుకోవడం ఎలాగో చూపిస్తే పిల్లలంతా చప్పట్లు కొట్టారట. అంతవరకు ముక్కు కారుతోందని తిట్టినవాళ్లే గానీ ఎలా తుడుచుకోవాలో నేర్పినవాళ్లు లేరు మరి. ఆవిడ మనకి దూరపు మనిషి కూడా కాదు. 1939లో మద్రాసు అడయారు వచ్చి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చింది, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. అన్నేళ్లుంటే మనం ఆవిడ దగ్గర నేర్చుకున్నది పేరు స్పెల్లింగు. ఎల్కేజీ పిల్లకి హోంవర్క్ ఇవ్వని మాంటిస్సోరిని ఎవరు నమ్ముతారు? గుండీల సంగతి ఆయమ్మ చూసుకుంటుంది.

దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది: టైమెక్కడిదండీ? నిజమే. వాడి చేతికి వదిలేస్తే ఒక్క గుండీకి రెండు నిమిషాలు, బస్సు ఆగేది అర నిమిషం. ఇద్దరూ ఉద్యోగాలకి పరిగెత్తే ఇంట్లో పొద్దుటి పూట ఓర్పు గురించి ఉపన్యసించడం తేలిక. కానీ ఆదివారం ఏ బస్సూ రాదు, ఆ రోజు కూడా ముద్దలు నోటికే అందుతాయి. ఇక రెండో జవాబు, రోడ్లు. ఇది నవ్వి తోసేసేది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఎనిమిదేళ్ల పిల్లని ఒంటరిగా మెయిన్ రోడ్డు దాటించమని ఎవరూ అనరు. కాకపోతే బడి గేటు ముందు పిల్లకొక కారు చొప్పున తెచ్చి నిలిపి, ఆ రద్దీని చూపించి భయపడేది కూడా మనమే. పైగా రోడ్డు భయం రోడ్డు దాకానే. టిఫిన్ డబ్బా మూత మీద లారీలు తిరగవు కదా!

ఆ ఇంట్లోనే అంట్లు తోమే ఆవిడ కూతురు పదేళ్లకి అన్నం వండి తమ్ముణ్ణి బడికి పంపుతుంది. దాన్ని ఆదర్శమని మెచ్చుకుంటే పాపం. అది గత్యంతరం లేక మోస్తున్న బరువు. కానీ ఆ పిల్లకి చేతనయిందంటే, వయసుకి చేతకాదన్న వాదన మాత్రం నిలవదు. మనం అదే విద్యని వేసవి సెలవుల్లో 'లైఫ్ స్కిల్స్' క్యాంపుకి ఫీజు కట్టి నేర్పిస్తాం. అక్కడ అరటిపండు వలిచిన ఫొటో స్టేటస్‌గా పెడతాం.

పదో తరగతి అయిన మర్నాడు వీడినే హాస్టల్లో దింపి వస్తాం. అది స్వేచ్ఛ కాదు, కాపలా చేతులు మారడం; నిద్రకి, స్నానానికి, చదువుకి అన్నిటికీ గంటే. 61వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని పద్దెనిమిదేళ్లకే ముఖ్యమంత్రిని ఎంచుకునే హక్కు వస్తుంది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో బ్రాంచి ఎంచుకునే ఓటీపీ మాత్రం నాన్న ఫోనుకి వస్తుంది. ఇరవై రెండేళ్లకి అమెరికా. 2023-24లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాలకన్నా ఎక్కువ. వాళ్లలో ఎందరికి అక్కడే తొలిసారి స్టవ్ వెలిగించే యోగం పట్టిందో ఏ లెక్కలోనూ ఉండదు. డాలస్‌లో రాత్రి తొమ్మిది, గుంటూరులో తెల్లారింది, వీడియో కాల్ మోగుతుంది.

"అమ్మా, పప్పుకి ఎన్ని విజిల్స్?"

"మూడు నాన్నా. ఇంగువ వేశావా?"

"ఎక్కడుందీ?"

"నీలం సూట్‌కేసు, ఎడమ జేబు."