జులై 2న పుట్టినవాడి జీతం

పుట్టినరోజుకు గడియారంతో పని లేదు. జులై 2న పుట్టినవాడు విజయవాడలో ఉన్నా డాలస్‌లో ఉన్నా జులై 2న పుట్టినట్టే. బడికెళ్లే పిల్లాడికి తెలిసిన ఈ సంగతి ప్రోగ్రాముకు తెలియదు. తేదీ ఇస్తే చాలు, అడక్కుండానే దానికి అర్ధరాత్రి పన్నెండు తగిలిస్తుంది. డేటాబేసుకు పంపేటప్పుడు యూటీసీలోకి మార్చి ఐదున్నర గంటలు తీసేస్తుంది. జులై 2 కాస్తా జులై 1 సాయంత్రం 18:30 అవుతుంది. ఆపైన రిపోర్టు రాసే మహానుభావుడెవరో "గంటలు మనకెందుకులే" అని తోక కత్తిరిస్తాడు. ఒక్క రోజే కదా అంటారా? కేంద్ర ప్రభుత్వోద్యోగి అరవై నిండిన నెల ఆఖరి రోజున రిటైరవుతాడు; ఒకటో తారీఖున పుట్టినవాడు మాత్రం అంతకు ముందు నెలాఖరుకే. 1970 జులై 2న పుట్టి 2030 జులై 31 దాకా పనిచేయాల్సిన మనిషి జూన్ 30నే శాలువా కప్పించుకుని ఇంటిదారి పట్టాలి. నెల జీతం గోవిందా! తమాషా ఏమిటంటే, నిజంగా జులై 1న పుట్టినవాడికి ఈ తప్పు వల్ల పైసా నష్టం లేదు. జూన్ 30కి జారినా అతని రిటైర్మెంటు జూన్ 30నే.

"అంతా యూటీసీలో దాచేయండి, పీడా వదులుతుంది" అన్నది సీనియర్ల మంత్రం. అందులో సగం నిజముంది. డబ్బు ఎప్పుడు జమైంది, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు వంటి జరిగిపోయిన క్షణాలకు దాన్ని మించింది లేదు. పుట్టిన తేదీ క్షణం కాదు. జరగబోయేదాని క్షణమైతే ఇంకా ఖాయం కాలేదు, ఎందుకంటే గడియారాలు ప్రభుత్వాల చేతిలో ఉంటాయి. సమోవా 2011లో డిసెంబర్ 30ని క్యాలెండర్లోంచే ఎత్తేసింది. ఆ రోజుకు పెట్టుకున్న అపాయింట్‌మెంట్లకు ఏ యూటీసీ దిక్కు?

"దేశమంతా ఒకటే టైము, ఐఎస్టీలోనే దాచేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. మనం దాచింది అలాగే ఉంటుందన్న భరోసా ఏదీ? మైఎస్‌క్యూఎల్‌లో డేట్‌టైమ్ ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుతుంది. టైమ్‌స్టాంప్ మాత్రం కనెక్షన్ టైమ్‌జోన్ చూసి మార్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో "టైమ్‌జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్" అనే రకంలో టైమ్‌జోన్, నేతిబీరకాయలో నెయ్యి. జావాస్క్రిప్ట్‌కు '1970-07-02' అని ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. హైదరాబాద్‌లో చూస్తే జులై 2 ఉదయం 5:30, అంతా భేష్. డాలస్‌లో తెరిస్తే జులై 1 సాయంత్రం. "నా మెషీన్‌లో బాగానే వస్తోందండీ" అన్నమాట అబద్ధమేమీ కాదు, పనికిరాదంతే.

కాబట్టి అయ్యా, అమ్మా, పుట్టిన తేదీకి డేట్ అనే కాలమ్ ఉంది, వాడండి. కోడ్‌లోనూ దానికి గంటలు అంటించకండి. జావాలో అందుకోసమే లోకల్‌డేట్ 2014 నుంచీ ఉంది. జరగబోయేవాటికి అక్కడి స్థానిక సమయం, పక్కనే 'ఏషియా/కోల్‌కతా' లాంటి జోన్ పేరు దాచండి. +5:30 అన్న అంకె ఒక్కటే చాలదు. రిలీజుకు ముందు టెస్ట్ మెషీన్‌ను ఒక్కసారి డాలస్ టైముకు తిప్పి చూడండి.