గేరుబాక్సు నాడి

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎవరి బండి మొరాయించినా, ఆ సంగతి ఓనరుకంటే ముందు ఫస్ట్ ఫ్లోర్ బాబాయి గారికి తెలుస్తుంది. సెల్ఫు రెండోసారి కొట్టేసరికి ఆయన చేతిలో పేపరు మడతపడుతుంది. మూడోసారికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. నాలుగోసారి తాళం తిప్పబోయేలోగా కారు అద్దం మీద ఉంగరం వేలితో టకటకా కొట్టి, "ఇక ఆపవోయ్, నాకు తెలిసిపోయింది" అంటారు.

ఏమైందని మాత్రం అడగరు. రోగిని అడిగి రోగం చెప్పేవాడు ఆయన లెక్కలో వైద్యుడే కాదు.

బెజవాడలో ఏ వీధికెళ్లినా ఇలాంటి బాబాయి గారు ఒకరు తగులుతారు. కొన్నిచోట్ల ఆయన్ని మావయ్య గారంటారు, కొన్నిచోట్ల మాస్టారంటారు. మా బాబాయి గారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. అబ్జెక్షన్ రాయకుండా ఒక్క బిల్లు కూడా వదల్లేదని ప్రతీతి. బిల్లులైతే ఆగిపోయాయి గానీ, అబ్జెక్షన్లు ఇంకా బోలెడు నిల్వ ఉన్నాయి.

ఆయన సొంత వాహనం బజాజ్ చేతక్. సెల్లార్ మూల బరకం కప్పుకుని పన్నెండేళ్లుగా తపస్సు చేసుకుంటోంది. ఆ రోజుల్లో అది మొండికేస్తే పక్కకి వంచేవారట. అప్పటికీ వినకపోతే ప్లగ్గు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి తన్నేవారట. ఆ వైద్యం ఆయనకి ఒంటబట్టేసింది. ఏ బండికైనా తొలి మందు ప్లగ్గు, మలి మందు కార్బొరేటరు. ఇప్పటి కార్లలో కార్బొరేటర్ ఉండదండీ అంటే, "లేకపోవడమేవిటి, కనబడకుండా పెట్టుంటాడు" అంటారు. కారు తయారుచేసినవాడు జపానువాడైనా కొరియావాడైనా ఆయన నోట్లో ఏకవచనమే. ఆ రెండు మందులూ పనిచెయ్యకపోతే బండిని కాస్త వంచమంటారు. కారుని ఎటు వంచాలో అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

మొన్న మాఘమాసంలో మైలవరం అవతల ఓ పెళ్లికి వెళ్లి రాత్రిపూట తిరిగొస్తున్నాం. రోడ్డు పని కోసం పోసిన కంకర పక్కన రాయేదో కారు పొట్టకి ఠంగుమని తగిలింది. "ఏదో తగిలిందండీ" అంది మా ఆవిడ. "రోడ్డన్నాక తగలవా" అన్నాను. ఇల్లు చేరాం, పడుకున్నాం.

నాది గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్. లివర్ 'డి'లో పెట్టగానే ఒంట్లో చిన్న కుదుపు వస్తుంది, నేను సిద్ధం అన్నట్టు. తెల్లారి పెడితే రెండు క్షణాలు ఆలోచించుకుని అప్పుడు కుదిపింది. చదునులో బాగానే నడిచింది. ర్యాంపు మీద ముందు చక్రాలు ఎక్కాయో లేదో, ఇంజిన్ గొంతు చించుకుంటోంది గానీ బండి అక్కడే నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి జారింది.

అద్దం మీద ఉంగరం మోగింది.

"పికప్ పోయిందోయ్. రింగులు అరిగాయి. ఏదీ, రేసివ్వు."

ఇచ్చాను.

"ఇంకా."

ఇంకా ఇచ్చాను. సెల్లారంతా దద్దరిల్లింది.

"చూశావా, దమ్ము లేదు!"

దమ్ము లేనిదానికి అంత అరుపు ఎక్కణ్ణించి వస్తోందో నాకు బోధపడలేదు. కానీ ట్రెజరీ ముందు అర్జీదారు ఏం మాట్లాడతాడు? "ఇంకొంచెం ఇవ్వవోయ్, లోపలి చెత్తంతా కొట్టుకుపోతుంది" అంటే అదీ చేశాను. పది నిమిషాలు ఇలాగే గడిచాయి. అరుస్తున్నది ఇంజిను. కదలనిది చక్రం. తేడా ఏదన్నా ఉంటే ఆ రెంటికీ మధ్యలోనే ఉండాలన్నది మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ మధ్యలో ఉండేది నూనె. ఈ రకం బండ్లు బయల్దేరేటప్పుడు ఇంజినుకీ గేరుబాక్సుకీ ఇనుముతో ఇనుముకి పట్టుండదు. కుండలో కవ్వం తిప్పితే మజ్జిగ తిరుగుతుంది. కుండని వదులుగా పెడితే మజ్జిగతోపాటు కుండా తిరుగుతుంది. అంతే కథ. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఈ కిటుకుకి పేటెంటు తీసుకున్నాడు, అదీ ఓడల కోసం. లోపలి క్లచ్ ప్లేట్లని అదిమి పట్టేదీ ఆ నూనె ఒత్తిడే. మజ్జిగ కారిపోతే కవ్వం ఒక్కటే గిర్రున తిరుగుతుంది. చదునులో అడుగున మిగిలిన కాస్త నూనెతో ఎలాగో నెట్టుకొస్తుంది. ర్యాంపు మీద ఆ కాస్తా ఓ పక్కకి ఒరిగిపోతే, పంపు నూనెకి బదులు గాలి పీలుస్తుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం బాబాయి గారు కారు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ నా పార్కింగ్ గళ్లో కాలు పెట్టి సర్రున జారారు. స్తంభం పట్టుకుని నిలదొక్కుకుని కిందకి చూశారు. గచ్చు మీద చేటంత ఎర్రటి మరక.

"ఎవడ్రా ఇక్కడ కిళ్లీ ఉమ్మింది?"

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. వాడికి కిళ్లీ అలవాటు లేదు. ఆ మాట చెప్పబోతే, నెలకోసారి సున్నం వేయించమని అసోసియేషన్‌లో తాను ఎప్పుడో అన్నానని, వినలేదని, ఇప్పుడు అనుభవించమని అందర్నీ కలిపి కడిగేశారు. ఆయన గుక్క తిప్పుకునేలోగా వాచ్‌మన్ వంగి, మరకలో వేలు పెట్టి, బొటనవేలితో రుద్ది చూశాడు.

"జిడ్డుగా ఉందండీ. ఆయిలు."

ఇక్కడే బాబాయి గారి గొప్పతనం చూడాలి. రెప్ప కూడా వెయ్యలేదు. "పొద్దున్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా!" అన్నారు. "స్టీరింగ్ ఆయిలు. ఎర్రగా ఉంటుంది." నా బండికి స్టీరింగ్ కరెంటుతో నడుస్తుందన్నాను. "అయితే గేరాయిలు. అదీ ఎరుపే" అన్నారు. ఇంజినాయిల్ అయితే తేనె రంగులోనో నల్లగానో ఉంటుందట, బ్రేకాయిల్ లేత పసుపట. ఇవన్నీ నిజాలే. మరక మీద నిలబడ్డప్పుడే ఎందుకో గుర్తు రాలేదు. ఆ ఊపులోనే, "ఒకప్పుడు దీంట్లో తిమింగలం నూనె కలిపేవారు, తెలుసా?" అన్నారు. థర్డ్ ఫ్లోర్ కుర్రాడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. నేను ఆపాటి మర్యాద కూడా పాటించలేదు.

తర్వాత వైద్యం. తోసి స్టార్ట్ చేద్దామన్నారు, స్టార్టయ్యే ఉందన్నాను. స్కూటర్లో పొయ్యగా మిగిలిన టూ-టీ ఆయిల్ అర డబ్బా ఉంది, తెస్తానన్నారు. తాడు కట్టి ఆటోనగర్ దాకా లాగుదామన్నారు. నేను మేస్త్రికి ఫోన్ చేస్తే, ఈ చివరి మాట విని అవతలినుంచి కేక వేశాడు. ముందు చక్రాలు నేల మీద ఉండగా లాగొద్దట. ఇంజిన్ తిరిగితేనే గేరుబాక్సు పంపు తిరుగుతుంది. ఇంజిన్ ఆపి లాగితే లోపలి భాగాలు తడి లేకుండా రాసుకుని పోతాయి. రికవరీ వ్యాను పిలిపించాం. ర్యాంపు మీదుగా కారుని పైకి లాగించి, వ్యాను ముందు సీట్లో కిటికీ పక్కన బాబాయి గారు కూర్చున్నారు. నేను బైక్ మీద వెనకాల వెళ్లాను.

ఆటోనగర్‌లో మేస్త్రి ఆయన మాటలన్నిటికీ "ఆఁ పెద్దాయనా, ఆఁ" అంటూనే బండిని లిఫ్ట్ ఎక్కించాడు. అడుగంతా గుడ్డతో తుడిచి, ఇంజిన్ నడిపించి, టార్చి పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ మాట్లాడకుండా ఒక మనిషి అంతసేపు చూడగలడని బాబాయి గారికి అదే మొదటిసారి తెలిసిందనుకుంటాను. కాసేపటికి గేరాయిల్ చల్లబరిచే గొట్టం జాయింటు దగ్గర ఎర్రటి చుక్క ఒకటి ఊరి, సాగి, రాలింది. పైన రాయి గీరిన గుర్తు.

మేస్త్రి రాలిన చుక్కని తెల్ల కాగితం మీద పట్టి వాసన చూశాడు. అప్పుడు నావైపు తిరిగి అడిగాడు: "కదలకుండా ఉన్నప్పుడు రేసేమైనా ఇచ్చారా?"

నేను బాబాయి గారి వైపు చూశాను. ఆయన ఎదురు షాపు బోర్డు చదువుకుంటున్నారు.

"కొంచెం" అన్నాను.

జారిపోతున్న ప్లేట్లకి రేసిస్తే అవి రాసుకుని మాడతాయట. మాడితే ఆయిల్ గోధుమరంగు తిరిగి, అడుగంటిన కూర వాసన వేస్తుందట. ఛాంబర్ విప్పించాం. లోపల అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తటి ముద్ద అంటుకుని ఉంది. అది మామూలు అరుగుదలేనట. పెచ్చులుగా ఉంటేనే గేరుబాక్సు దింపాలట. బాబాయి గారు దగ్గరికొచ్చి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఆ కాటుకని వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. పెచ్చుల్లేవు. ఆయన గట్టిగా ఊపిరి వదలడం నాకు వినబడింది. జాయింటూ ప్యాకింగూ మార్చి, బండికి రాసిన ఆయిలే తెప్పించి పోసి, వేడెక్కాక లెవెల్ సరిచూసి ఇచ్చేశాడు. తిరిగి వస్తుంటే దారంతా ఆయన ఒక్క అబ్జెక్షన్ చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక తిమింగలం సంగతి వెతికాను. నిజమే. 1970ల మొదటిదాకా అమెరికాలో ఆటోమేటిక్ గేరాయిల్లో తిమింగలం నూనె కలిపేవారు. వాటిని కాపాడాలని చట్టాలొచ్చాక మానేశారు. మర్నాడు ఆయనకి చెప్పి క్షమాపణ అడుగుదామని కిందకి దిగాను.

నా కారు కింద ఆయన చదివేసిన పేపరు పరిచి ఉంది. పక్క కారు కింద సినిమా పేజీ. అలా సెల్లార్లో ఉన్న ప్రతి బండి కిందా ఓ పేజీ, నాలుగు మూలలా నాలుగు రాళ్లు. బాబాయి గారు టార్చి పట్టుకుని థర్డ్ ఫ్లోర్ వాళ్ల కారు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. అప్పుడే బజారు నుంచి వచ్చినట్టున్నారు, ఆ ఇంటావిడ కూరల సంచితో పక్కన నిలబడి ఉన్నారు.

"అది ఏసీ నీళ్లండీ బాబాయి గారూ" అంటున్నారావిడ.

"అది తేల్చాల్సింది మీరు కాదమ్మా" అన్నారాయన, తడిసిన పేపరుని ముక్కు దగ్గర పెట్టుకుంటూ.