గేటుకు వేలాడే పాస్‌వర్డ్

పాస్‌వర్డ్ మార్చిన సంగతి ఇంటి ఓనరు గారు ఎవరికీ చెప్పలేదు. అయినా మర్నాడు పొద్దున్నే వీధంతా తెలిసిపోయింది. మీటింగు ఆగిపోయిందంటూ పై వాటా అమ్మాయి గబగబా దిగొచ్చింది. అది న్యాయమే, నెట్ ఖర్చు అద్దెలోనే కలిసుంది. కానీ గేటు పక్కన బండి పెట్టుకునే ఇస్త్రీ అతను "సార్, నెట్ పోయినట్టుందే, కంప్లయింట్ పెట్టారా?" అనేసరికి ఆయనకు నోట మాట రాలేదు. వెనక సందులో ఉండే పెద్దావిడ ఏకంగా నిష్ఠూరానికే దిగింది: "మార్చేముందు ఒక్క మాట చెప్పొద్దా అన్నయ్యగారూ, సీరియల్ సగంలో ఆగిపోయింది!" ఆవిడకు పాస్‌వర్డ్ ఎప్పుడు చెప్పాడో ఆయనకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అసలు చెప్పి ఉంటే కదా.

మార్చడానికి కారణం లేకపోలేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి నెట్ కదలదు. కంపెనీకి ఫోన్ చేస్తే "బాక్స్ ఆపి ఆన్ చేయండి సార్" అంటారు. రోజూ అదే మంత్రం. చివరికి ఆయన విసుగెత్తి రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, దానికి తగులుకున్న ఫోన్ల జాబితా తీశాడు. తీరా చూస్తే పెళ్లి పిలుపుల లిస్టులా ఉంది. ఇంట్లోవాళ్లు నలుగురు.

తప్పెవరిదని వెతికితే, కనెక్షన్ పెట్టడానికి వచ్చిన కుర్రాడి దగ్గర తేలింది. "మీ సెల్ నంబరే పెట్టేశా సార్, మర్చిపోరు" అన్నాడు అప్పట్లో, ఏదో ఉపకారం చేసినట్టు. పాస్‌వర్డ్‌లో కనీసం ఎనిమిది అక్షరాలుండాలన్నది వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ2 నియమం. సెల్ నంబరులో పది అంకెలున్నాయి గనక కుర్రాడి దృష్టిలో రెండంకెల భద్రత అదనం. అదే నంబరు గేటుకు వేలాడే టులెట్ బోర్డు మీద, బస్సులోంచి చూసినా కనిపించేంత లావుగా ఉంది.

ఈ టులెట్ బోర్డు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ కాలనీల్లో దీన్ని మించిన సాహిత్యం లేదు. పైన "2 బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్" అని ఉంటుంది. దాని కింద "24 గంటలూ నీళ్లు" అని ఓనరు గారి ఆశయం. ఆ తర్వాత "ఫ్యామిలీకి మాత్రమే". "వెజ్ ఓన్లీ" అన్నది తర్వాత తట్టింది కాబట్టి మూలకు ఇరికిస్తారు. రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే వెజ్ మీద రంగు పూస్తారు, ఇంకో నెల గడిస్తే ఫ్యామిలీ మీద కూడా పూస్తారు. "నో బ్రోకర్స్" అని రాసినందుకు మొట్టమొదట ఫోన్ చేసేది బ్రోకరే. వాటా నిండిన తర్వాతైనా బోర్డు దించుతారా అంటే దించరు. దించితే మళ్లీ కట్టే వైరు ఎవరు వెతుకుతారు? పైగా అది అలా వేలాడుతూ ఉంటే, ఉన్నవాళ్లు అద్దె ఒకటో తారీఖునే ఇస్తారని ఒక నమ్మకం. ఎండకు వెలిసి, వానకు తడిసి, బోర్డు మీది షరతులన్నీ ఒక్కొక్కటిగా చెరిగిపోతాయి. నంబరు మాత్రం చెరగదు. దసరాకు గేటుకు రంగేయించినప్పుడల్లా దాని మీద ఓ చెయ్యి పడుతుంది. అంటే ఈ ఓనరు గారు ఏటా డబ్బిచ్చి, పెయింటర్ చేత తన వైఫై పాస్‌వర్డ్‌ను వీధిలోకి దిద్దిస్తున్నారన్నమాట.

ఇది మనవాళ్ల అమాయకత్వమేనని నొచ్చుకోనక్కర్లేదు. 2021లో సైబర్‌ఆర్క్ సంస్థ పరిశోధకుడు ఇడో హూర్విచ్ ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ వీధులు తిరిగి, 5,000 వైఫైల ఆనవాళ్లు సేకరించాడు. వాటిలో దాదాపు 70 శాతం పాస్‌వర్డ్‌లు ఊడి చేతికొచ్చాయి. కారణం మన కుర్రాడు చెప్పిందే. అక్కడివాళ్లూ చాలామంది మర్చిపోకుండా ఉంటుందని సెల్ నంబరే పెట్టుకున్నారు.

ఇందులో కిటుకేమిటంటే, దొంగ రూటర్ ముందు నిలబడి పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే కొట్టి చూడడు. గాల్లో పోయే గుర్తులు కొన్ని పట్టుకుని, ఇంటికెళ్లి ఏసీలో కూర్చుని కంప్యూటర్ చేత ఊహిస్తాడు. ఎన్నిసార్లు తప్పినా ఆ సంగతి రూటర్‌కు తెలిసే దారే లేదు. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి కాబట్టి అన్నీ కలిపినా 400 కోట్లే. వీడియో గేములకు కొనే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షలకు పైగా ఊహించగలదు. గంటా పది నిమిషాల్లో మొత్తం అయిపోతుంది. చదువొచ్చి గేటు ముందు నుంచి నడిచివెళ్లే వాడికి అదీ అనవసరం.

ఓనరు గారి అసలు కోపం దొంగల మీద కాదు. వందల మీటర్ల వైరు లాగి, గోడకు చిల్లు పొడిచి, సంతకం పెట్టించుకుని వెళ్లిన కంపెనీకి పాస్‌వర్డ్ ఎలా మార్చాలో చెప్పడానికి ఐదు నిమిషాలు దొరకలేదు. రూటర్ లోపలికి వెళ్లే తలుపుకు "అడ్మిన్, అడ్మిన్" అనే తాళం వేసి పోయారు. ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు అరవై చిల్లర పట్టుకునే 2016లో మిరాయ్ అనే వైరస్ లోకం మీద పడింది. దొంగల్ని కనిపెట్టమని జనం కొనుక్కున్న కెమెరాలే లక్షల్లో దొంగలతో కలిసిపోయాయి. వాటి దాడితో ఆ ఏడు అక్టోబర్ 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి అందలేదు. పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్లను కలిపే డబ్ల్యూపీఎస్ అనే సదుపాయం కథ ఇంకా వింత. అది ఎనిమిదంకెల పిన్నే అయినా, ముందు నాలుగూ సరిపోతే రూటరే ఆ సంగతి బయటపెట్టేస్తుంది. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేదే. అలా కోట్లలో ఉండాల్సిన ప్రయత్నాలు 11,000కు దిగిపోతాయని 2011 చివర్లో స్టెఫాన్ వీబాక్ అనే పరిశోధకుడు లోకానికి చూపించాడు. ఆ సదుపాయాన్ని ఇప్పటికీ రూటర్లలో తగలేసి పంపుతున్నారు. మనకేమో "జాగ్రత్తగా ఉండండి" అని మెసేజ్‌లు.

పోనీ మారిస్తే? టీవీ, కెమెరా, గీజరు, హాల్లో రంగులు మార్చే బల్బు, అన్నింటికీ మళ్లీ చెప్పుకోవాలి. రిమోట్ బాణాలతో టీవీలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, ఎట్ ద రేట్ కొట్టడానికి అరపూట. బల్బు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప పలకనని మొండికేసింది.

అయినా మార్చక తప్పదు. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు వెళ్లిన ఈమెయిల్ జాడ తీస్తే, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఫ్లాట్ తేలింది. ఆయన వైఫైని ఎవరో బయటివాళ్లు వాడుకున్నారు. ఆ సంగతి తేలేదాకా కంప్యూటర్లు ఇచ్చుకుని, ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవలసింది ఆయనే. బిల్లు ఎవరి పేరు మీదుంటే పోలీసులు వచ్చేది వాళ్లింటికే. పాస్‌వర్డ్ మార్చినందుకు ఓనరు గారిని తప్పుపట్టలేం.

అయితే రూటర్‌లో చూసిన ఆ ఫోన్ల జాబితాలో ఒక పాత ఫోను పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. 2020 సెప్టెంబరులో తెలంగాణ బడి పిల్లలకు పాఠాలు టీవీలోకీ ఫోన్లలోకీ మారినప్పుడు, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురు తండ్రి ఫోను పట్టుకుని ఈ గేటు పక్క అరుగు మీదే కూర్చునేది. ఆ పిల్లకు పాస్‌వర్డ్ ఆయనే పిలిచి చెప్పాడు. అప్పుడు భద్రత గుర్తు రాలేదు, గుర్తొచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపించదు. ఆ కుటుంబం ఊరికి వెళ్లిపోయి చాలాకాలమైంది. జాబితాలోంచి అందరినీ తీసేసి, ఆ ఒక్కటీ అలాగే ఉంచాడు. సాంకేతికంగా దానికి అర్థం లేదు, ఆ ఫోనుకు కొత్త పాస్‌వర్డ్ తెలియదు.

తర్వాత ఎవరో చెబితే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాడు. మంచి ఏర్పాటే. వచ్చినవాళ్లకు నెట్ దొరుకుతుంది, ఇంట్లో కంప్యూటర్ల జోలికి రాలేరు. ఆదివారం బావమరిది వచ్చి, ఫోన్‌లో ఆ పేరు చూసి మొహం మాడ్చుకున్నాడు. "మేం గెస్టులమా బావా?" అన్నాడు. లోపల్నుంచి ఇల్లాలు గరిటె చప్పుడు పెంచింది. ఐదు నిమిషాల్లో బావమరిది అసలు నెట్‌వర్క్‌లోకి మారాడు. కెమెరా, టీవీ, గీజరు, ఆ మొండి బల్బు గెస్టులయ్యాయి. తెలిసినవాళ్లు కూడా వాటిని అక్కడే ఉంచమంటున్నారు.