సొరుగులో బటన్

తాండూరు నాపబండలకు, నీలానికైనా పసుపుకైనా, దూరదూరాల గిరాకీ ఉంది. ఆ బండలమ్మే ఓ సేటుకు మాత్రం దిగులంతా కరెంటు బిల్లు మీదే. పాలిష్ మిషన్లు ఎంత లాగినా ఏమనడు. కౌంటర్ మీది యూఎస్‌బీ హబ్‌కు పనివాళ్ళు ఫోన్లు గుచ్చితే చాలు, కడుపు మండిపోతుంది. గోడ సాకెట్లు ఎప్పుడో మూయించాడు. (ఒక ఫోన్‌ను రోజూ నిండా చార్జ్ చేసినా నెలకు ఒక యూనిట్ కాలదు. ఈ లెక్క ఆయనకు చెప్పినవాడు లేడు, చెప్పినా వినడు.)

వికారాబాద్ నుంచి రైల్లో వచ్చిపోయే డిప్లొమా కుర్రాణ్ణి పిలిపించాడు.

"తమ్మీ, నేను బటన్ ఒత్తితేనే చార్జింగ్ రావాలె. అరగంటకు దానంతటదే బందు కావాలె."

కుర్రాడు పనిమంతుడు. ఆర్డునో అనే చిన్న కంట్రోల్ బోర్డు తెచ్చాడు. దాని పిన్ను 20 మిల్లీ ఆంపియర్లు ఇస్తే గొప్ప, ఫోన్ 500కు పైనే అడుగుతుంది. అందుకని పిన్నుకు హుకుం జారీచేసే పని మాత్రమే అప్పజెప్పి, కరెంటు మోసే పని స్విచ్చులా పనిచేసే ఓ పీ-చానెల్ మాస్‌ఫెట్‌కు ఇచ్చాడు. దాన్నీ 5 వోల్టుల పాజిటివ్ తీగ మీదే పెట్టాడు. నెగటివ్ తీగ తెంపితే డేటా తీగల గుండా కరెంటు దొంగదారి పట్టి, ఆగీ ఆగనట్టు ఏడిపిస్తుంది. కొత్తవాళ్ళు దెబ్బతినేది అక్కడే.

"సేట్, హబ్‌ల నాలుగు పోర్టులున్నయి. దేనికది బందయ్యేటట్టు నాలుగు మాస్‌ఫెట్లు పెట్టమంటరా? ఇంకో రెండొందలైతది."

"నాలుగెందుకు? ఒక్కటి సాలు. అన్నీ ఒక్కపారే బందు కావాలె."

బటన్ సేటు సొరుగులోకి చేరింది. సొరుగుకు తాళం పడింది. తాళంచెవి ఆయన మొలతాడెక్కింది.

ఆ వారమే బంధువుల పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి, నాలుగో రోజు తిరిగొచ్చాడు. చూస్తే యార్డులో ఒక లారీ లోడు బండలు లేవు, ఖాతాలో పైసలూ లేవు. పగలు కౌంటర్, రాత్రి కాపలా, రెండూ చూసుకునే గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఫోన్ల పైసలు కొట్టిన అని పచ్చ టిక్కు చూపిచ్చిండు సేట్. లోడెత్తుకొని పోయిండు."

"సౌండ్ బాక్స్ అరవకుంటే ఎట్ల పంపినవ్‌రా?"

"ఆ డబ్బా గూడ గా హబ్‌కే ఉంటది గద సేట్. బ్యాటరీ అయిపోయి ముందురోజే బందయింది."

"అయితే నాకు ఫోన్ జేసి అడగొద్దా?"

గుమాస్తా జేబులోంచి ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. తెర నల్లగా ఉంది.

"చేద్దామనే అనుకున్న సేట్. బటన్ మీ సొరుగుల ఉండె."