ట్యూబులైటు పట్టాభిషేకం

మా ఇంటాయనకు గోడలంటే ఏదో పగ అని మా ఆవిడ పెద్దతిప్పసముద్రమంతా చాటింపు వేసింది. పగ కాదు. నాకుండేది పరిజ్ఞానం. అది గోడలకు గిట్టలేదు, అంతే.

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి కొని, మదనపల్లెలో అద్దం వేయించి ఫ్రేము కట్టించినాను. శ్రీరామ పట్టాభిషేకం. ఇంటికొచ్చినోళ్ళకంతా ఉపన్యాసం: గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో ముంచుతారు, తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెడితే నలుపు దిగుతుంది, గీసేదంతా వెదురుపుల్ల కలంతోనే, 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది... కాఫీ చల్లారిపోయేదాకా వదిలేవాణ్ణి కాదు. పటం మాత్రం నేలమీదే, గోడకానుకొని ఉండేది. "పట్టాభిషేకమైతే అయింది గానీ, పాపం సింహాసనమే దొరకలా" అనింది మా ఆవిడ.

మ్యూజియాల్లో బొమ్మ నడిమధ్య నేలకు 57 అంగుళాల ఎత్తున ఉండాలని ఒక లెక్క ఉంది. నిలబడిన మనిషి చూపు అక్కడ పడుతుందట. టేపు పట్టి, పెన్సిల్ గీత గీసి, రసమట్టం అరువు తెచ్చి మరీ దిగినాను.

మా తాత కట్టించిన ఇల్లు అది. రాయి, మట్టి, పైన సున్నం. మేకు రాయికి తగిలితే వంకర పోతుంది. సందుకు తగిలితే వెన్నలోకి దిగినట్టు దిగి, పటం తగిలించగానే పిడికెడు మట్టితో సహా ఊడొస్తుంది. అద్దెకు తెచ్చిన డ్రిల్లింగ్ మిషను అరిచిన అరుపుకు పక్కింటి గేదె ఆ పూట పాలివ్వలేదని నామీద ఫిర్యాదు. ఆఖరికి బేల్దారి మేస్త్రిని పిలిస్తే, గోడ చూసి, "తుపాకీ పేల్చింది ఎవురు సార్?" అన్నాడు. రెండు రాళ్ళ సందు చూసి, చెక్కముక్క దిగ్గొట్టి, చుట్టూ సిమెంటు పూసి పోయినాడు.

మర్నాడు పటమెక్కింది. 57 అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. సాయంత్రం మా అమ్మ కింద కూర్చొని చెనక్కాయలు వొలుస్తా, తలెత్తి దండం పెట్టుకుంది.

"నాయనా, రాములోరి మొగం యాడ? ట్యూబులైటు కనపడతా ఉండాది."

"లేచి నిలబడి చూడమ్మా."

"మోకాళ్ళతో నేను లేసి నిలబడల్నా? ఆయప్పనే రవ్వంత వొంగమను."

మా ఇంట్లో నిలబడి బొమ్మలు చూసేది ఎవరు? ఉపన్యాసమిచ్చే నేనొక్కణ్ణే. అప్పుడు ఎదురుగోడ చూసినాను. కప్పు కింద తాత ఫోటో, దాని పక్కన రవివర్మ లక్ష్మి, రెండూ తాడుమీద ముందుకు వాలి ఉన్నాయి. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటం పెట్టినాక లక్ష్మీ సరస్వతులు ఇంటింటికీ వచ్చినారు గదా, వాళ్ళను ఇట్ల వాల్చి కట్టడం చేతగానితనమని ఇన్నేళ్ళూ నవ్వుకుంటూ వచ్చినాను. అట్ల వాలిస్తే చాపమీద కూర్చున్నోళ్ళకు మొగం తిన్నగా కనబడుతుంది, అద్దంలో దీపం మెరవదు. ఈ సంగతి నేనే కనిపెట్టినట్టు ఆ రాత్రే మా అమ్మకు అరగంట వివరించినాను. ఆమె నిద్రపోయింది.

రాములవారిని ఇప్పుడు పైకెత్తి, ముందుకు వాల్చి కట్టినాము. నేను కాదు, మేస్త్రి. కిందున్న బొక్కల్లో కొన్నింటిని క్యాలెండరు మూసింది. మిగిలినవి మూయడానికి ఇంకొక కలంకారీ ఉంటే బాగుంటుందని నోరు జారినాను. అప్పటినుంచి సుత్తి బీరువాలో, నగల పక్కన ఉంది. తాళంచెవి యాడుందో నాకు చెప్పలేదు.